రఫ్ పుస్తకంలోని పదకొండు రోజులు

పోయిన వారం సంగతి మరిచిపోయినవాళ్ల కోసం, ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం కూడా, ముందు నాలుగు ముక్కలు.

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఐదు నెలల పాటు తన బడిలో రెండు గదుల వేడి కొలిచింది. ఒకటి రేకుల షెడ్డులోని ఎనిమిదో తరగతి గది. రెండోది స్లాబు వేసిన కొత్త భవనంలో గది. మధ్యాహ్నం రెండింటికి ఒకచోట, పది నిమిషాల తర్వాత ఇంకోచోట థర్మామీటరు చూసేది. అక్కడి పిల్లలకు పది చిన్న లెక్కలిచ్చి, ఎన్ని ఒప్పయ్యాయో రాసుకునేది. మెళ్లో తాడుకు థర్మామీటరు వేలాడేసుకుని తిరిగే ఆ పిల్లకు బడంతా కలిసి 'డిగ్రీ' అని పేరు పెట్టింది. ఇప్పుడు ఇంట్లోనూ అదే పిలుపు. గది కాలిపోతుంటే బుర్ర పనిచెయ్యదని డిగ్రీ అంకెలతో చూపించింది. పిల్లల సైన్సు పోటీలో ఆ ప్రాజెక్టు చివరి ఆరింట్లో నిలబడింది. గెలిచినవాళ్లకు సెలవుల్లో నెల రోజులు విశ్వవిద్యాలయం ల్యాబులో పనిచేసే అవకాశం ఇస్తారు. డిగ్రీ ప్రాణమంతా ఆ నెల రోజుల మీదే ఉంది.

శుక్రవారం ఇంటర్వ్యూ. సోమవారం కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఫెయిర్ రికార్డుతో పాటు, కొలతలు తీసేటప్పుడు రాసుకున్న రఫ్ పుస్తకం కూడా తెమ్మన్నారు. సైన్సు మేడం రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పదకొండు రోజుల అంకెలు కలవలేదు. రఫ్ పుస్తకంలో ఆ రోజుల్లో రేకుల గది స్లాబు గది కంటే చల్లగా ఉంది. ఫెయిర్ రికార్డులో మాత్రం ఎప్పట్లాగే కుతకుతలాడుతోంది. అంకెలు మార్చిన ప్రాజెక్టును తీసేస్తామనీ, ఆ విద్యార్థిని మళ్లీ ఏ పోటీకీ రానివ్వమనీ కమిటీ నియమాల్లో స్పష్టంగా ఉంది.

"నేను మార్చలేదు మేడం" అంది డిగ్రీ. తర్వాత తల దించుకుని అసలు సంగతి చెప్పింది. రికార్డు ఇవ్వాల్సిన వారం తనకు జ్వరం. పట్టికలన్నీ నాన్న ఎత్తి రాశాడు. తను చూడకుండానే సంతకం పెట్టేసింది.

ఆ నాన్న అదే బడిలో ల్యాబ్ అటెండరు.

ఇక ఈ బుధవారం సంగతికొద్దాం. మేడం రెండు రోజులు ఆగి, అన్నం సహించక, చివరికి మధ్యాహ్నం హెడ్మాస్టరు గదిలోకి వెళ్లింది. ఆయన ఉత్తరం చదివి, రెండు పుస్తకాలూ తిరగేసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఈ బడి పేరు పేపర్లో వచ్చి ఎన్నాళ్లయిందో ఆయనకు తేదీతో సహా గుర్తుంది.

"దీనికింత కంగారెందుకమ్మా? రఫ్ పుస్తకం మళ్లీ రాయించండి."

"మళ్లీ అంటే?"

"ఫెయిర్ రికార్డు చూసి రఫ్ పుస్తకం. అంతేగా పని. మన అటెండరు దస్తూరీ ఎలాగూ ముత్యాలే. అయితే మరీ ముత్యాల్లా వద్దని చెప్పండి. అక్కడక్కడా కొట్టివేతలుండాలి. రెండు మూడు పేజీలు నలపమనండి. టీ మరక ఒకటి పడితే ఇంకా మంచిది."

ఆయన నవ్వలేదు. నిజంగానే చెబుతున్నాడు. ఇరవయ్యేళ్లుగా తనిఖీలకు రిజిస్టర్లు తయారుచేయించిన మనిషికి ఇదో లెక్క కాదు.

మేడం అప్పుడే కుదరదని చెప్పి లేచి రావాల్సింది. ఈ కథ రాస్తున్న నాకే ఆమె మీద కోపమొచ్చిన ఘట్టమిది. కానీ ఆమె కళ్ల ముందు డిగ్రీ మొహం మెదిలింది. ఆ పిల్ల చేసిన పాపమేముంది? కొలవాల్సింది కొలిచింది. ఎవరో చేసినదానికి ఈ పిల్ల ఎందుకు బలికావాలి? "చూస్తాను సార్" అని మాత్రం అని, పుస్తకాలు ఆయన బల్ల మీదే వదిలి బయటికొచ్చింది. ఆ మాట అన్నందుకు సాయంత్రం ల్యాబుకు వెళ్తూ వరండా పొడుగునా తనను తానే తిట్టుకుంది.

ల్యాబు వరండా చివర ఉంది. ఆఖరి బెల్లు కొట్టి పావుగంటయింది. పిల్లలు వెళ్లిపోయారు. లోపల సింకు దగ్గర కుళాయి ఎప్పటిలా కారుతోంది. ఆసిడ్ పడి గుంటలైన పొడుగాటి బల్ల మీద టెస్ట్ ట్యూబులు స్టాండ్లలో బోర్లించి ఉన్నాయి. గోడ పొడుగునా చెక్క బీరువాలు, వాటి నిండా ఏ ఏడాదికా ఏడాది దారంతో కట్టిన రికార్డులు. ఈ గదిలో చీమ తిరిగినా ల్యాబన్నకు తెలుస్తుందని బడిలో అంటారు. టీచర్లు కూడా డిగ్రీ నాన్నను ల్యాబన్న అనే పిలుస్తారు. సైన్సు మేడమైతే ఈ బడిలోనే చదువుకున్న పిల్ల. పదో తరగతిలో అలవాటైన ఆ పిలుపు ఇప్పటికీ మారలేదు. ఆయన మాత్రం నలుగురిలో ఆమెను మేడం గారూ అంటాడు. మరిచిపోయినప్పుడు అమ్మాయ్ అంటాడు.

మేడం గడప దగ్గరికి వచ్చేసరికి లోపల తండ్రీ కూతుళ్లు ఎదురెదురుగా ఉన్నారు. బల్ల మీద రెండు పుస్తకాలూ తెరిచి ఉన్నాయి. ఆయన చేతిలో బ్రష్షు, సగం కడిగిన టెస్ట్ ట్యూబు. డిగ్రీ నిలబడే ఉంది. ఏడ్చి వచ్చిన కళ్లు, కానీ ఇప్పుడు తడి లేదు.

"ఇదిగో, ఈ తేదీన నేను ముప్పై ఒకటిన్నర అని రాశాను. నువ్వు ముప్పై ఏడున్నర వేశావు. ఎందుకేశావు నాన్నా?"

"ముందు ఇంటికి పద. అమ్మ ఎదురుచూస్తుంటుంది."

"ఎందుకేశావు?"

ల్యాబన్న టెస్ట్ ట్యూబు స్టాండులో పెట్టాడు. మేడాన్ని చూసి లేవబోయాడు. ఆమె కూర్చోమన్నట్టు చెయ్యి ఊపింది.

"తప్పు రీడింగులమ్మా అవి" అన్నాడు చివరికి. "రేకుల షెడ్డు స్లాబు గది కన్నా చల్లగా ఉండటమేంటి? ఎవడైనా నవ్వుతాడు. థర్మామీటరు చెడిపోయి ఉంటుంది. ఈ బడి థర్మామీటర్ల సంగతి నాకు తెలీదా? సగం వాటిల్లో పాదరసం తెగిపోయి ఉంటుంది. నీకు చెబుదామంటే ఒళ్లు పేలిపోతూ పడుకున్నావు. మర్నాడే రికార్డు ఇవ్వాలి. పోనీలే పాపం, ఆ పదకొండు రోజులూ సరిచేసి రాద్దామనుకున్నాను."

"లెక్కలు కూడా మార్చావు. షెడ్డు పిల్లలకి సగటున ఎనిమిది వచ్చాయి ఆ రోజుల్లో. నువ్వు అయిదు వేశావు."

"అంత వేడిలో ఎనిమిది ఎలా వస్తాయి మరి?"

ఆయన నిజాయితీగానే అడిగాడు. ఒక అంకె మార్చాక దానికి తగ్గట్టు రెండోది మార్చడం ఆయనకు శుభ్రతలో భాగం, గచ్చు తుడిచాక బల్ల తుడిచినట్టు. మేడానికి ఆ క్షణంలో నవ్వొచ్చింది, ఆపుకుంది.

"నేను రోజూ రెండు థర్మామీటర్లతో చూశాను నాన్నా" అంది డిగ్రీ. "ఒకటి చెడిపోయినా రెండోది చెబుతుందని. మొదటి పేజీలోనే రాశాను. నువ్వు మొదటి పేజీ చదవలేదు."

"అంకెలే కదమ్మా ఎత్తి రాయాల్సింది."

"ఐదు నెలలు. అన్నం తిని పరిగెత్తుకుంటూ వెళ్లేదాన్ని. ఆ షెడ్డు పిల్లలు నన్ను చూస్తే మొహం మాడ్చుకునేవాళ్లు, మళ్లీ లెక్కలు తెచ్చిందని. ఒక్క రోజు మానలేదు. ఎవరో రాసిందయితే నువ్వు అనుమానపడొచ్చు. నేను చూసి రాస్తే కూడా నీకు నమ్మకం లేకపోయింది. అంతే కదా?"

ఆయన బ్రష్షు బల్ల మీద పెట్టాడు. పిల్ల మీద నమ్మకం లేదని ఎవరైనా అంటే కొట్లాడి ఉండేవాడు. కానీ పుస్తకంలో ఉన్న జవాబుకూ పిల్ల కళ్లకూ మధ్య ఎంచుకోవాల్సొచ్చినప్పుడు ఆయన చెయ్యి దానంతటదే పుస్తకం వైపు పోయింది. ఆ సంగతి ఆయనకు ఇప్పుడే అర్థమవుతోంది.

"తప్పు నాదే" అన్నాడు. "నా చేత్తో చెడింది నా చేత్తోనే బాగుచేస్తాను. హెడ్మాస్టరు గారు ఇందాకే పిలిచి చెప్పారు. ఈ రెండు పుస్తకాలతో పాటు కొత్తది కూడా ఇచ్చారు. రెండు గంటల పని. నువ్వు ఇంటికెళ్లి పడుకో, పొద్దున్నకి రఫ్ పుస్తకం రెడీగా ఉంటుంది. ఎవరికీ తెలియదు."

సొరుగు లాగి కొత్త నోటుపుస్తకం తీశాడు. డిగ్రీ తన పాత రఫ్ పుస్తకం మీద రెండు అరచేతులూ ఆన్చి, దాన్ని తన వైపు లాక్కుంది. ఆయన చేతిలో కొత్త పుస్తకం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు మాట్లాడకపోతే ఇక ఎప్పుడూ మాట్లాడలేనని మేడానికి అనిపించింది. లోపలికొచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆ పుస్తకం లోపల పెట్టెయ్యి ల్యాబన్నా. ఎవరూ ఏదీ రాయొద్దు. ముందు ఒక్క సంగతి చెప్పండి నాకు. థర్మామీటర్లు రెండూ బాగానే ఉంటే, ఆ పదకొండు రోజులూ షెడ్డు ఎందుకు చల్లబడింది?"

"అదే నాకూ తెలీదు మేడం" అంది డిగ్రీ. "వానల్లేవు. ఆకాశంలో మబ్బు కూడా లేదు. పైగా ఒకటి రాసుకున్నాను చూడండి. మొదటి రోజున."

పుస్తకం తిప్పి చూపించింది. అంకెల పక్కన మార్జిన్లో పెన్సిలుతో చిన్న అక్షరాలు: 'మూడో బెంచీ మీద పైనుంచి నీటి చుక్కలు పడ్డాయి. వాన లేదు. కనుక్కోవాలి.'

మేడం చదివి ల్యాబన్నకు అందించింది. ఫెయిర్ రికార్డు పట్టికలో ఇలాంటివి రాయడానికి గడి ఉండదు. అందుకే అప్పుడు ఆయన దాన్ని చూడనైనా చూడలేదు. ఇప్పుడు కళ్లజోడు పైకి తోసుకుని, పెదాలు కదుపుతూ చదివాడు. తేదీ చూశాడు. పేజీ తిప్పి ఆఖరి తేదీ చూశాడు. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా కుర్చీలో వెనక్కి వాలాడు.

"జంపఖానాలు" అన్నాడు.

"ఏంటి?"

"స్టోర్‌రూములో పైపు పగిలింది చూడు అమ్మాయ్, అప్పుడు. జంపఖానాలన్నీ, పరదాలన్నీ తడిసి ముద్దయ్యాయి. కంపు కొడుతున్నాయని నేనే ఉతికాను. రోజుకి ఇన్నేసి. ఆరెయ్యడానికి ఇంత చోటెక్కడుంది? నిచ్చెనేసుకుని షెడ్డు రేకుల మీద పరిచేవాణ్ణి. పొద్దున్నే పరిస్తే సాయంత్రానికి కూడా పూర్తిగా ఆరేవి కావు. మేకు కన్నాల్లోంచి నీళ్లు కారి ఉంటాయి. సోమవారం మొదలెడితే మరుసటి శుక్రవారానికి అయ్యింది పని. మధ్యలో ఆదివారం రాలేదు నేను."

పదకొండు రోజులు. ముగ్గురూ లెక్కేసుకున్నారు.

డిగ్రీ మొహంలో కోపం ఎటుపోయిందో తెలియదు. పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. "అంటే మేడం, రేకుల మీద తడి గుడ్డ పరిస్తే గది ఆరు డిగ్రీలు తగ్గుతుంది. పిల్లలకి మూడు లెక్కలు ఎక్కువొస్తాయి. అంటే వేడెక్కితే బుర్ర పనిచెయ్యదని చెప్పి ఊరుకోనక్కర్లేదు. ఏం చెయ్యాలో కూడా చెప్పొచ్చు."

"అవును" అంది మేడం. ఐదు నెలల కొలతల్లో పనికొచ్చే కబురంతా ఆ పదకొండు రోజుల్లోనే ఉంది. తప్పులని కొట్టేసినవే అసలువి. కమిటీ మెచ్చుకున్న ఫెయిర్ రికార్డు దాని ముందు ఎందుకూ కొరగాదు. ఎండాకాలమంతా రేకుల కింద ఉడికిపోయే ఎనభైమంది పిల్లలకు ఇది దొరికిన ఉపాయం. దాన్ని కనిపెట్టింది కూతురు, చేసింది తండ్రి, చెరిపేసిందీ ఆయనే.

ల్యాబన్న చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. "నేను చేసిన పని నేనే చెరిపేసుకున్నానన్నమాట" అని నవ్వబోయాడు. రాలేదు.

కానీ ఆ సంతోషం ఎంతసేపు? ఈ మాట కమిటీకి చెప్పాలంటే ముందు ఫెయిర్ రికార్డు తప్పని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే నియమం ఉండనే ఉంది. చెప్పకుండా వెళితే గెలవొచ్చు. గెలిచి, ఆ ల్యాబులో నెల రోజులుండి, తిరిగొచ్చాక షెడ్డు వైపు చూడాలి.

"నేను రఫ్ పుస్తకమే తీసుకెళ్తాను మేడం" అంది డిగ్రీ. ఆ నెల రోజులు చేజారిపోతున్నాయని ఆ పిల్లకు బాగా తెలుసు. "తీసేస్తే తీసేస్తారు. కానీ ముందు వాళ్లు వినాలి. ఒక్కసారి వింటే చాలు."

"నేనూ వస్తాను" అన్నాడు ల్యాబన్న. "పిల్ల తప్పేమీ లేదని చెబుతాను. ఉద్యోగం సంగతి తర్వాత."

మేడం గుండెల మీద నుంచి బరువు దిగింది. "వాళ్లు అడిగేదాకా ఆగడం కాదు. మనమే ముందు రాసిద్దాం. రేపు పొద్దున్నే ఉత్తరం అందేలా నేను స్వయంగా ఇచ్చొస్తాను. కాగితం తీసుకో డిగ్రీ. చెబుతాను, రాయి. కింద మనిద్దరం సంతకం చేద్దాం."

డిగ్రీ బల్ల మీద చోటు చేసుకుని కూర్చుంది. మేడం ఒక్కో వాక్యం చెప్పింది. పదకొండు రోజుల తేదీలు, అసలు అంకెలు, మార్చినవి. ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు. తను గైడు టీచరుగా రెండు పుస్తకాలూ పోల్చి చూడకుండా సంతకం పెట్టడం తన పొరపాటని కూడా రాయించింది. చుక్కల సంగతి, జంపఖానాల సంగతి రాస్తున్నప్పుడు పిల్ల అక్షరాలు మరీ చిన్నవయ్యాయి, కాగితం చాలదేమోనని. ల్యాబన్న టెస్ట్ ట్యూబులు కడగడం మళ్లీ మొదలుపెట్టాడు.

"అయిపోయింది. ఆఖరున ఇలా రాయి" అంది మేడం. "మా బడి ప్రాజెక్టుల్లో ఇలా జరగడం ఇదే మొదటిసారి. మా విద్యార్థుల పనిని మీరు ఇకముందు కూడా నమ్మవచ్చు."

"మా బడి ప్రాజెక్టుల్లో" అని రాసి డిగ్రీ ఆగింది. పెన్ను కాగితం మీదే ఉంచి తల తిప్పింది.

"నాన్నా, ఇది నిజమేనా?"

బ్రష్షు చప్పుడు ఆగింది.

"చూడకుండా సంతకం పెట్టే ఇక్కడికొచ్చాను నేను" అంది పిల్ల. "నిజమైతేనే రాస్తాను. ఇదే మొదటిసారా?"

ల్యాబన్న కుళాయి కట్టాడు. తడి చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకున్నాడు. కూతురి వైపు చూడలేదు. బీరువాల వైపు చూశాడు, ఇరవై నాలుగేళ్ల రికార్డుల వైపు.

"పోటీలకెళ్లే రికార్డులన్నీ నా చేతుల మీదుగానే వెళ్తాయి కదమ్మా. దస్తూరీ బాగుంటుందని మాస్టార్లే నా చేతికిచ్చేవాళ్లు. ఎక్కడైనా అంకె పక్కకు పోతే..." ఆగాడు. "మన పిల్లలు ఓడిపోకూడదని."

మేడానికి తన చిన్నప్పటి రికార్డు గుర్తొచ్చింది. పద్దెనిమిదేళ్ల కిందట, ఈ బల్ల దగ్గరే, రెండు జడలతో ఒక పిల్ల ఉప్పు నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర గడ్డకడతాయో నలభై సార్లు కొలిచింది. రాత బాగోలేదని ఎవరో రికార్డు ఎత్తి రాసిపెట్టారు. దానికి మొదటి బహుమతి వచ్చింది. ఆ బహుమతి చూసే తన నాన్న పై చదువులకు ఒప్పుకున్నాడు. ఆ చదువే ఈ ఉద్యోగం. పిల్లలకు మొదటి క్లాసులో ప్రతి ఏడూ చెప్పే కథ అదే: నా అంకెలు నా జీవితాన్ని మార్చాయి.

"ల్యాబన్నా" అంది. "నావి కూడానా?"

ఆయన ఈసారి తప్పించుకోలేదు. ఆమె కళ్లలోకే చూశాడు.

"నీవి రెండే అమ్మాయ్" అన్నాడు. "రెండంటే రెండే అంకెలు."

డిగ్రీ ఇద్దరి మొహాలూ చూసింది. తర్వాత సగంలో ఆగిన వాక్యం చూసింది.

"ఇది ఉంచాలా, కొట్టెయ్యాలా మేడం? మీరేది చెబితే అది కాదు. ఏది నిజమో చెప్పండి, అది రాస్తాను."

మేడం లేచి నిలబడి చెయ్యి చాపింది.

"పెన్ను ఇలా ఇవ్వు" అంది.